ఈనాము – జీతము

హోటలులో భోజనం ముగించి లేచేటప్పుడు బిల్లు పళ్ళెంలో సర్వరు కోసం కొంత చిల్లర వదలి వస్తాం. అది ఇష్టపడి ఇచ్చే ఈనాము. దానిని హక్కుగా వసూలు చేయవచ్చునా? సేవా రుసుమును హోటళ్ళవారు తమంతట తామే బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. ఇది న్యాయమే. వడ్డించినవానికి జీతమివ్వవలసినది యజమాని, తిన్నవాడు కాదు.

ఇంటికి భోజనం తెచ్చే యువకుని సంగతి వేరు. సాధారణంగా అతనికి నెలజీతం ఉండదు. చేరవేసిన పొట్లాల లెక్కన కూలి. బండీ అతనిదే, పెట్రోలు ఖర్చూ అతనిదే. వానలో తడిసి వచ్చినవానికి పది రూపాయలిస్తే సంతోషిస్తాడు. కాని ఆ పది రూపాయలను సాకుగా చూపి కంపెనీ కూలి తగ్గిస్తే, మనమిచ్చినది ఎవరి జేబులోకి పోయినట్లు? ఇటువంటి పనివారి కోసం కర్ణాటక 2025లో చట్టం చేసింది. సంక్షేమ నిధికి రుసుము కంపెనీలే చెల్లించాలని అందులో ఉంది.