మనవాడు తప్పు చేసినప్పుడు

పాఠ్యాంశము: ఫుట్‌బాల్ మైదానములో జాతి దూషణ, క్లబ్బులు నడుచుకొనిన తీరు



మన పిల్లలలో అనేకులు టి.వి.లో ఇంగ్లండు ఫుట్‌బాల్ చూస్తున్నారు. అక్కడి క్లబ్బుల పేర్లు, ఆటగాళ్ల పేర్లు మనకంటే వారికే బాగుగా తెలుసు. అయితే ఆ ఆటలో ఒక చేదు సంగతి కూడా ఉన్నది. ప్రేక్షకులు నల్లజాతి ఆటగాళ్లను హేళన చేయుట అక్కడి పాత జబ్బు. దానికి విరుద్ధముగా 1993లోనే ఇంగ్లండులో ఒక ఉద్యమము మొదలైంది. కాని దూషించినవాడు ప్రేక్షకుడు కాక, అదే మైదానములో ఆడుతున్న తోటి ఆటగాడైతే? అతడు మన జట్టువాడే అయితే? ఈ పాఠములో మూడు సంఘటనలను చూచి, వాటినుండి మనము ఏమి నేర్చుకోవాలో ఆలోచిద్దాము.

1. ఒక్క మాట, రెండు అర్థాలు

2011 అక్టోబరు 15న ఆన్‌ఫీల్డ్ మైదానములో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ జట్లు తలపడ్డాయి. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ ఉరుగ్వే దేశస్థుడు. మాంచెస్టర్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రా సెనెగల్‌లో పుట్టి ఫ్రాన్సులో పెరిగినవాడు, నల్లజాతివాడు. వారిద్దరికి స్పానిష్ భాషలో మాటామాటా పెరిగింది. ఆట ముగిసిన తరువాత ఎవ్రా తన మేనేజరుతో కలిసి రిఫరీ గదికి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

వివాదమంతా స్పానిష్‌లో 'నలుపు' అను అర్థముగల ఒక మాట చుట్టూ తిరిగింది. ఆ మాట ఒక్కసారే అన్నాననీ, తన దేశములో స్నేహితులను అలాగే పిలుచుకుంటారనీ సువారెజ్ చెప్పాడు. విచారణ సంఘము భాష తెలిసిన పండితులను పిలిపించి అడిగింది. స్నేహముతో అన్నప్పుడు ఆ మాట ముద్దుమాటే. కోపముతో, తగవులో అన్నప్పుడు అదే మాట దూషణ అవుతుందని తేలింది. సువారెజ్ దానిని ఏడుసార్లు అన్నాడని సంఘము నిర్ణయించింది. డిసెంబరు 20న అతనికి 8 మ్యాచ్‌ల నిషేధము, 40,000 పౌండ్ల జరిమానా విధించారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సువారెజ్ హృదయములో ఏమున్నదో సంఘము తీర్పు చెప్పలేదు. అతడు జాతి ద్వేషి అని ఎవ్రా కూడా అనలేదు. పలికిన మాటకు మాత్రమే శిక్ష పడింది. పరభాషల మధ్య తరతరాలుగా కాపురముంటున్న మనకు ఇది క్రొత్త సంగతి కాదు. మన వీధిలో నవ్వుతూ పిలిచే పిలుపు ప్రక్క వీధిలో తిట్టు కావచ్చును. "మా వైపు అలాగే అంటాము" అనే జవాబు, విన్నవాని గాయమును మాన్పదు.

2. చొక్కాలు తొడుగుకొనిన జట్టు

తీర్పు వచ్చిన రోజే లివర్‌పూల్ క్లబ్బు తన ఆటగాణ్ణి సమర్థిస్తూ ప్రకటన చేసింది. ఎవ్రా మాట నమ్మదగినది కాదన్నట్లు వ్రాసింది. సువారెజ్ తాతగారు నల్లజాతివాడని గుర్తుచేసింది. మరునాడు విగన్‌లో ఆటకు ముందు, లివర్‌పూల్ ఆటగాళ్లు సువారెజ్ బొమ్మ వేసిన చొక్కాలు తొడుగుకొని మైదానములోనికి వచ్చారు. మేనేజరు కెన్నీ డాల్‌గ్లిష్ కూడా ఆ చొక్కా తొడిగాడు.

తీర్పుకు కారణాలు తెలిపే 115 పేజీల నివేదిక వెలువడినది డిసెంబరు 31న. అనగా చొక్కాలు వేసుకున్ననాటికి ఆ నివేదిక ఇంకా బయటికి రాలేదు. నివేదిక వచ్చిన తరువాత క్లబ్బు అప్పీలు చేయలేదు.

2012 ఫిబ్రవరి 11న రెండు జట్లు మరల ఎదురుపడ్డాయి. ఆటకు ముందు కరచాలనము చేసే వేళ సువారెజ్ ఎవ్రా చేతిని దాటిపోయాడు. క్లబ్బుకు డబ్బిచ్చే బ్యాంకు కూడా నిరాశను బాహాటముగా తెలియజేసింది. ఆట జరిగిన మరునాడు సువారెజ్, డాల్‌గ్లిష్ ఇద్దరూ క్షమాపణ చెప్పారు.

అయితే ఆ చొక్కాల మాట? దానికి చాలా ఏండ్లు పట్టింది. 2011లో ఆ జట్టులో ఉన్న జేమీ కారగర్, 2019లో టి.వి. కార్యక్రమములో తన ప్రక్కనే కూర్చున్న ఎవ్రాను క్షమాపణ అడిగాడు. ఆ తరువాత క్లబ్బు ముఖ్య అధికారి పీటర్ మూర్ ఎవ్రాకు ఉత్తరము వ్రాశాడు. తప్పు చేయడానికి ఒక్క రోజు చాలింది. ఒప్పుకోవడానికి ఎనిమిదేండ్లు కావలసివచ్చింది.

3. ఫిర్యాదు చేసినవాని మీద పడిన భారము

ఆన్‌ఫీల్డ్ సంగతి జరిగిన ఎనిమిది రోజులకే, అక్టోబరు 23న, లండనులో మరొక వివాదము లేచింది. చెల్సీ జట్టుకూ ఇంగ్లండు జట్టుకూ కెప్టెను జాన్ టెరీ, క్వీన్స్ పార్క్ రేంజర్స్ ఆటగాడు ఆంటన్ ఫెర్డినాండ్‌ను రంగు పేరుతో దూషించాడని ఆరోపణ వచ్చింది. 2012 జూలైలో కోర్టు టెరీని నిర్దోషిగా విడిచిపెట్టింది. సెప్టెంబరులో ఫుట్‌బాల్ అసోసియేషన్ విచారణ సంఘము అతనిని దోషిగా ఎంచి 4 మ్యాచ్‌ల నిషేధము, 2,20,000 పౌండ్ల జరిమానా వేసింది. కోర్టులో నేరము సందేహమునకు తావులేకుండా రుజువు కావాలి. క్రీడా సంఘములో ఏది ఎక్కువ సంభవమో చూస్తారు. తీర్పులు వేరగుటకు ఇది ముఖ్య కారణము.

అసోసియేషన్ ఫిబ్రవరిలోనే దేశపు జట్టు కెప్టెను పదవి తీసివేసింది. చెల్సీ తానుగా అతనిపై చర్య తీసుకున్నానన్నది కాని, అదేమిటో బయటపెట్టలేదు; కెప్టెనుగా కొనసాగించింది. టెరీ తన భాషకు క్షమాపణ చెప్పాడు. మరి ఫెర్డినాండ్ సంగతి? అతని పేరిట క్లబ్బుకు తుపాకీ గుండు పోస్టులో వచ్చింది. చాలా ఏండ్లు మౌనముగా ఉండి, 2020లో ఒక టి.వి. చిత్రములో తన బాధ విప్పి చెప్పాడు.

4. నోటికి అడ్డుపెట్టిన చేయి

2021 మార్చి 18న గ్లాస్గో నగరములో రేంజర్స్, స్లావియా ప్రాగ్ జట్ల ఆటలో ఓండ్రెయ్ కుదేలా తన నోటికి చేయి అడ్డము పెట్టి గ్లెన్ కమారా చెవిలో ఏదో అన్నాడు. కమారా తల్లిదండ్రులు సియెర్రా లియోన్ వారు. అతడు ఫిన్లాండు దేశపు ఆటగాడు. జాతి దూషణ చేయలేదని కుదేలా చెప్పాడు, అతని క్లబ్బు అతని ప్రక్కనే నిలిచింది. రేంజర్స్ మేనేజరు స్టీవెన్ జెరార్డ్ కమారాను పూర్తిగా నమ్ముతున్నానన్నాడు. ఐరోపా ఫుట్‌బాల్ సంఘము కుదేలాను 10 మ్యాచ్‌లు నిషేధించింది. ఆట తరువాత చేయిచేసుకున్నందుకు కమారాను కూడా 3 మ్యాచ్‌లు నిషేధించింది. గాయపడినవాడు చేయి ఎత్తితే అదీ లెక్కలోనికి వచ్చింది.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది: మనవాని ప్రక్కన నిలుచుట వేరు, మనవాని తప్పు ప్రక్కన నిలుచుట వేరు. అతనికి న్యాయమైన విచారణ జరుగునట్లు చూచుట ప్రేమే. అయితే ఎదుటివాని మాట అబద్ధమని ముందే చాటుట ప్రేమ కాదు.

రెండవది: విచారణ మన చేతిలో ఉండకూడదు. గోలులు కొట్టే ఆటగాణ్ణి కోల్పోవుట ఏ క్లబ్బుకూ ఇష్టముండదు. గనుక తీర్పు ఇతరులు చెప్పాలి. మన సంఘములలోనూ, పనిస్థలములలోనూ ఇంతే.

మూడవది: ఫిర్యాదు చేసినవాని యోగక్షేమము మొదట అడగాలి. మూడు సంఘటనలలోనూ ఆ ప్రశ్న అడగవలసినవారు ఎదుటి క్లబ్బులో కూడా ఉన్నారు.

నాల్గవది: క్షమాపణ ఆలస్యమైనా చెప్పాలి. కారగర్ ఎనిమిదేండ్ల తరువాత చెప్పాడు; ఎదురుగా కూర్చుండి చెప్పాడు.

చర్చకు ప్రశ్నలు

1. మన యిండ్లలో ఇరుగుపొరుగు వారి రంగు, భాష, కులము పేర్లతో అనే మాటలు ఏవి? అవి వారు వింటే ఎలా ఉంటుంది?

2. మన కుమారునిమీద, మన స్నేహితునిమీద ఇటువంటి ఫిర్యాదు వస్తే, మొదట ఎవరి యింటికి వెళ్తాము?

3. ఎన్నో ఏండ్ల క్రిందట మనము తొడిగిన 'చొక్కా' ఏదైనా ఉన్నదా? దానికి క్షమాపణ అడగవలసినవారు ఇంకా మన మధ్య ఉన్నారా?