రష్యా దేశపు నైసర్గిక స్థితియు, దాని చరిత్రయు

విద్యార్థులారా, ఈ వ్యాసమును చదువునపుడు అట్లాసును ప్రక్కన నుంచుకొనుడు. ఐరోపా పటమును, ఆసియా పటమును తెరచి చూచిన గాని యిందలి విషయము బోధపడదు. చరిత్ర వేరు, భూగోళము వేరు అని తలంచి, గంట మ్రోగగానే ఒక పుస్తకమును మూసి వేఱొక పుస్తకమును తెరచు అలవాటు మనలో చాలమందికి గలదు. రష్యా చరిత్రను అట్లు చదువ వీలులేదు.

మాస్కో అను పేరు క్రీ. శ. 1147వ సంవత్సరమున మొట్టమొదట వ్రాతలో కానవచ్చుచున్నది. అప్పుడది యడవి నడుమ చిన్న నదియొడ్డున నున్న యొక సామాన్యమైన ఊరు. ఐదువందల యేండ్లు గడచునప్పటికి ఆ యూరి ప్రభువుల సేవకులు పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున నిలిచి పన్ను వసూలు చేయుచుండిరి. నేటి రష్యా వైశాల్యము సుమారు 66 లక్షల చదరపు మైళ్లు. మన భారతదేశమునకు ఐదురెట్లకు పైబడినది. ఇంత విస్తారము ఎట్లు కలిగెను? "రాజులు పరాక్రమవంతులు గనుక" అని కొందఱు విద్యార్థులు వ్రాయుదురు. "దేశము మైదానము గనుక" అని మఱికొందఱు వ్రాయుదురు. మొదటి సమాధానము బొత్తిగా చాలదు. రెండవది చాలవరకు నిజమే గాని, దానితో ప్రశ్న ముగియదు. ఏల ముగియదో తరువాత చెప్పెదను. ముందు పటమును చూతము.

మాస్కోకును సెయింట్ పీటర్సుబర్గునకును నడుమ వల్దాయ్ అను మిట్టనేల యున్నది. పటములలో దానిని కొండలని వ్రాయుదురు గాని దాని యెత్తు ఎచ్చటను 1,150 అడుగులకు మించదు. చూచుటకు అల్పమైన యీ మిట్ట రష్యా చరిత్రకు బొడ్డు వంటిది. వోల్గా నది యిచ్చట పుట్టి, సుమారు 2,200 మైళ్లు ప్రవహించి కాస్పియను సముద్రమున పడుచున్నది. మన గోదావరి పొడవునకు అది రెండురెట్లకు మించినది. నీపర్ నది యీ ప్రాంతముననే పుట్టి దక్షిణముగా నల్లసముద్రమునకును, పశ్చిమ ద్వీనా నది పడమరగా బాల్టిక్ సముద్రమునకును పోవుచున్నవి. వర్తకుడు ఒక నదికి ఎదురెక్కి పోయి, పడవను కొంతదూరము నేలమీద నీడ్చి, మఱియొక నదిలో దింపినయెడల ఉత్తర సముద్రమునుండి దక్షిణ సముద్రము వఱకు పోగలడు. అట్లు పడవ నీడ్చు చోటును రష్యనులు "వొలోక్" అందురు. వొలొకొలాంస్క్, విష్నీ వొలొచోక్ అను పట్టణముల పేళ్లలో ఆ మాట నేటికిని నిలిచియున్నది.

ఈ జలమార్గమున స్కాండినేవియా వర్తకులును, యోధులును కాన్‌స్టాంటినోపిలు మహానగరమునకు పోవుచుండిరి. మార్గమునకు ఉత్తరపు కొనను నోవ్‌గొరాడ్, దక్షిణపు వైపున కీవ్ పట్టణములు వర్ధిల్లెను. 988వ సంవత్సరమున కీవ్ ప్రభువైన వ్లాదిమిరు క్రైస్తవ మతమును స్వీకరించినపుడు, దానిని రోమునుండి గాక కాన్‌స్టాంటినోపిలులోని గ్రీకు సంఘమునుండి స్వీకరించెను. నీపర్ ప్రవాహము చూపిన త్రోవయే యది. ఆ దేశపు లిపియు, దేవాలయముల కట్టడమును, చిత్రకళయు గ్రీకుల జాడల నడచుటకు ఈ త్రోవ యొక ముఖ్యకారణము.

ఇక నేలను చూడుడు. ఉత్తరమున నడవి, దక్షిణమున స్టెప్పీ, అనగా చెట్టులేని పచ్చికబయలు. ఈ బయలు హంగరీ మొదలు మంగోలియా వఱకు సుమారు 5,000 మైళ్లు సాగియున్నది. దానికి అడ్డముగా గుఱ్ఱపురౌతును నిలుపగల పర్వతము లేదు. 1237వ సంవత్సరపు శీతకాలమున బాతూఖాను సేనలు వచ్చిపడెను. ఇతరులకు చలికాలము యుద్ధమునకు తగని కాలము. మంగోలులకు గడ్డకట్టిన నదులే రాచబాటలయ్యెను. ఆ యేడు ర్యజాను, మఱుసటియేడు వ్లాదిమిరు పట్టణము, 1240లో కీవ్ నాశనమాయెను. వర్తకులను దేశమునందంతట త్రిప్పిన నదులే శత్రువులకును త్రోవ చూపెను. ఆ తరువాత రెండువందల యేండ్లకు పైగా, 1480 వఱకు, రష్యను ప్రభువులు ఖానులకు లోబడి కప్పము గట్టిరి.

మాస్కో యెట్లు పైకి వచ్చెను? అది స్టెప్పీకి ఎడముగా నడవిలో నుండెను. మాస్కో నది ఓకా నదిలోను, ఓకా నది వోల్గాలోను కలియును. ఇవి మంచి వసతులే. కాని యిట్టి వసతులు ట్వేర్ పట్టణమునకును గలవు. అది వోల్గా యొడ్డుననే యున్నది. మాస్కో ప్రభువైన యొకటవ ఐవానునకు "కలితా", అనగా డబ్బుసంచి, అను పేరు గలదు. ఇతర ప్రభువుల కప్పమును ఖాను పక్షమున వసూలు చేయు పనిని అతడు సంపాదించుకొనెను. 1325 ప్రాంతమున సంఘాధ్యక్షుడును మాస్కోకు నివాసము మార్చుకొనెను. ఇది నది చేసిన పని కాదు, మనుష్యులు చేసిన పని.

ట్వేర్ పేరు వచ్చినది గనుక మనకు సంబంధించిన మాట యొకటి. ఆ పట్టణపు వర్తకుడైన అఫనాసీ నికీతిన్ అనువాడు 15వ శతాబ్దపు ఉత్తరార్ధమున వోల్గా వెంబడి దిగి, పారసీక దేశముమీదుగా సముద్రము దాటి, అమ్మకమునకు ఒక గుఱ్ఱమును తెచ్చుకొని మన దక్కనునకు వచ్చెను. బహమనీ సుల్తానుల రాజధానియైన బీదరులో చాలకాలము నివసించి, తాను చూచినదెల్ల వ్రాసియుంచెను. తెలంగాణములో చాలభాగము అప్పుడు ఆ సుల్తానుల యేలుబడిలోనిదే. వచ్చునపుడు వోల్గా ముఖద్వారముకడ, అస్ట్రాఖాను ప్రాంతమున, తార్తారులు అతని సరకును దోచిరి. ఎగువ నది మనదై, దిగువ నది పరులదైనపుడు వర్తకుని గతి యిట్లుండును. నాల్గవ ఐవాను 1552లో కజానును, 1556లో అస్ట్రాఖానును జయించి, వోల్గా నంతటిని మాస్కో వశము చేసెను.

దానితో భయము తీరెనా? తీరలేదు. 1571లో క్రిమియా తార్తారులు వచ్చి మాస్కో నగరమునే కాల్చివేసిరి. రష్యనులు అడవి యంచున చెట్లను నఱికి, అడ్డముగా పడవేసి, వానివెంబడి కోటలను గట్టి కావలి యుంచిరి. కంచె లోపల రైతులు కుదురుకొనిరి. కొంతకాలమునకు కంచె అవతలకును సాగు ప్రాకెను. ఆ పొలమును కాపాడుటకు మఱియొక కంచె కావలసి వచ్చెను. ఒక్కొక్క తరమునకు కంచె దక్షిణముగా జరిగి, అడవి విడిచి నల్లమట్టి బయలులోనికి దిగెను. దురాశ యెచ్చట ముగిసి భయమెచ్చట మొదలాయెనో చెప్పుట కష్టము.

తూర్పున భయముకంటె ఆశయే పనిచేసెను. ఐరోపాకును ఆసియాకును సరిహద్దని మీరు వల్లించు ఊరల్ పర్వతములలో అత్యున్నత శిఖరము సుమారు 6,200 అడుగులు. నీలగిరులలోని దొడ్డబెట్ట 8,600 అడుగులకు పైబడినది! యెర్మాకు అను కొసాకు నాయకుడు కొన్నివందల మందితో నది వెంట పోయి, పడవల నీడ్చి, అవతలి నదిలో దిగి, 1582లో సైబీరియా ఖాను రాజధానిని పట్టెను. 1585లో అతడు ఇర్తిష్ నదిలో మునిగి చనిపోయెను. త్రోవ మాత్రము నిలిచిపోయెను.

పటమును మరల చూడుడు. ఓబ్, యెనిసీ, లేనా అను మూడు మహానదులు ఉత్తరముగా ప్రవహించి మంచుసముద్రమున పడుచున్నవి. తూర్పునకు పోవువానికి ఇవి అడ్డు కావలెను గదా! ఉపనదులను చూచిన రహస్యము తెలియును. అవి చెట్టుకొమ్మలవలె ఇరుప్రక్కలకు చాచియున్నవి. ఒకదాని కొన మఱియొకదాని కొనకు సమీపించును. నడుమ నున్నది మరల వొలోక్ మాత్రమే. 1587లో తొబోల్స్క్, 1604లో తోంస్క్, 1619లో యెనిసీస్క్, 1632లో యాకూత్స్క్ కోటలు లేచెను. 1639లో మొస్క్వితిన్ అను కొసాకు బృందముతో ఓఖోట్స్క్ సముద్రమును చేరెను. యెర్మాకు విజయమునుండి యిది 57 సంవత్సరములు.

ఈ తొందరకు కారణము సేబుల్ అను ముంగిసను పోలిన చిన్న మృగము. దాని బొచ్చుతోలు ఐరోపాలో మిక్కిలి వెలగలది. ఒక లోయలో ఆ మృగములు తఱిగిపోగానే వేటగాండ్రును, వారి వెనుక పన్ను వసూలు చేయువారును ఆవలి లోయకు పోవుచుండిరి. కొన్ని పుస్తకములలో సైబీరియా జనములేని దేశమని వ్రాసియుండును. ఆ మాటను నేను తరగతిలో సాగనీయను. అచ్చట యాకూతులు, ఎవెంకులు, బుర్యాతులు మున్నగు జాతులు తరతరములుగా నుండిరి. వారు ఏటేట "యాసాక్" అను తోళ్లపన్ను చెల్లింపవలసినవారైరి. చెల్లింపు తప్పకుండుటకై వారి పెద్దలను, బిడ్డలను కోటలలో బందీలుగా నుంచుచుండిరి. క్రొత్తవారితో మశూచికమును వచ్చి గుడారములకు గుడారములను పాడుచేసెను. నదులు కొసాకులకు త్రోవ నిచ్చినవన్న మాట నిజమే. తోళ్లకొఱకు బిడ్డను బందీగా పట్టుమని యే నదియు చెప్పలేదు.

కొసాకులు ఆగినచోటును గమనింపుడు. అమూరు నదికడ వారికి మంచూ చక్రవర్తుల సేనలు ఎదురయ్యెను. 1689లో నెర్చిన్స్క్ కడ సంధి జరిగెను. చీనా పక్షమున జెసూటు గురువులు దుబాసీలైనందున, ఆ సంధిపత్రము లాటిను భాషలో వ్రాయబడెను! దానిచే అమూరులోయను వదలుకొన్న రష్యా, చీనా బలహీనమైన తరువాత, 1858లో మరల తీసికొనెను. నది మాఱలేదు, బలాబలములు మాఱెను.

ఇంత భూమి దొరికిన తరువాత రైతు సుఖపడి యుండవలెనని మీకు తోచవచ్చును. జరిగినది విపరీతము. భూమి విస్తారము, జనము స్వల్పము; దున్నువాడు లేని పొలమునకు వెలలేదు. బాధపడిన రైతు దక్షిణపు బయలునకో, తూర్పునకో పాఱిపోగలడు. అందుచేత ప్రభువులు రైతునే నేలకు కట్టివేయగోరిరి. 1649వ సంవత్సరపు ధర్మశాసనము పాఱిపోయిన రైతును ఎన్నియేండ్లకైనను పట్టి తెచ్చు హక్కును యజమానుల కిచ్చెను. ఈ దాస్యము 1861 వఱకు తొలగలేదు. దేశము పెరిగినకొలది ప్రజ పెరుగునని తలంచువారు ఈ రెండు సంవత్సరములను జ్ఞాపకముంచుకొందురుగాక.

సముద్రద్వారముల కథ మీ పాఠ్యపుస్తకములలోనే యున్నది గనుక త్వరగా చెప్పెదను. 1584లో కట్టిన ఆర్ఖాంజెల్స్క్ రేవు ఏటికి సగముకాలము గడ్డకట్టియుండును. మహాపీటరు 1703లో తన పేరిటి నగరమును స్థాపించి, 1721 నాటి సంధిచే బాల్టిక్ తీరమును స్థిరపఱచుకొనెను. కాతెరీను రాణి 1783లో క్రిమియాను కలుపుకొనెను. కాని బాల్టిక్ ద్వారము డెన్మార్కు ముంగిట నున్నది. నల్లసముద్రపు ద్వారమైన బాస్ఫరసు, ఒకచోట అర మైలైనను వెడల్పులేనిది, తురుష్కుల చేతిలో నున్నది. పసిఫిక్ తీరమున 1898లో కౌలుకు తీసికొన్న పోర్టు ఆర్థరును 1905లో జపాను లాగికొనెను. ఇందొక విచిత్రము గలదు. చలికాలమునను గడ్డకట్టని తీరము రష్యాకు తన స్వంత నేలలోనే, ఆర్ఖాంజెల్స్కునకు ఉత్తరమున, ధ్రువవృత్తము లోపల నుండెను! అట్లాంటికునుండి వచ్చు వెచ్చని ప్రవాహము దానిని మంచునుండి కాపాడుచున్నది. రైలుమార్గము వేసి అచ్చట మూర్మాన్స్క్ పట్టణమును స్థాపించినది 1916లో మాత్రమే. అంతకాలము ఇతరుల రేవులకై పోరాడిరి.

ఇప్పుడు మొదట విడిచిన ప్రశ్నకు వత్తము. "మైదానము గనుక రష్యా పెరిగెను" అను విద్యార్థి పోలండు నేమని చెప్పగలడు? అదియు ఆ మైదానముననే యున్నది. దానికిని పర్వతప్రాకారము లేదు. విస్టులా వంటి మంచి నదియు, బాల్టిక్ రేవును గలవు. 1610లో పోలండు సేనలు మాస్కోలోనే ప్రవేశించి, 1612 వఱకు క్రెమ్లిను కోటలో నిలిచెను. ఆ కాలమున ఎవరు ఎవరిని మ్రింగుదురో చెప్పుట సులభము కాకుండెను. కాని పోలండు ప్రభుకుటుంబములవారు తమ రాజునకు బలమైన సైన్యమును గాని, చాలినంత పన్నును గాని ఈయరైరి. వారి సభలో ఒక్క సభ్యుడు "ఒప్పను" అన్నచో సభ యంతయు చెల్లకపోవు ఆచారము 1652నుండి ప్రబలెను. 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ దేశమును ముక్కలు చేసి పంచుకొనెను. 1918 వఱకు పటములో పోలండు లేదు. మైదానము ఇరువురికిని ఒకే ప్రశ్నపత్రము నిచ్చినది. రష్యా తన ప్రజలను దాస్యమునకు ఒప్పగించి బలము గొన్నది. పోలండు తన కులీనుల స్వేచ్ఛను కాపాడి, రాజ్యమును పోగొట్టుకొన్నది. ఈ రెండు సమాధానములలో నేదియు నాకు రుచింపదు. అవి మనుష్యులు వ్రాసిన సమాధానములని మాత్రము మీరు గుర్తింపవలెను.

ఇది పరీక్షలో మార్కులకొఱకు చెప్పు మాట కాదు. "మా దేశమునకు ప్రకృతిసిద్ధమైన ఎల్లలు లేవు, కావున పొరుగుదేశము మాకు అవసరము" అను వాదము పాతదైనను చావలేదు. 1939లో పోలండును జర్మనీ, సోవియట్ రష్యాలు మరల పంచుకొనెను. 1991లో సోవియట్ రాజ్యము 15 దేశములుగా విడిపోయెను. 2014లో రష్యా క్రిమియాను ఉక్రెయినునుండి తీసికొనెను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినుపై దండెత్తెను. గోడలేని మైదానమున నుండు భయము గొప్పదే. అయితే ఆ మైదానముననే నివసించు ఉక్రెయిను రైతునకు, పోలండు రైతునకు ఆ భయము తక్కువ యుండునా? వారి యింటికి గోడ యేది?

చివరకు జనసంఖ్య పటమును తీసి చూడుడు. ఊరలునకు తూర్పున నున్న యపారమైన భూమినంతటిని జయించి, 1891లో మొదలిడి సుమారు 5,770 మైళ్ల రైలుబాటను మాస్కోనుండి వ్లాదివొస్తోకు వఱకు వేసిన తరువాతను, నేటికిని రష్యా జనులలో నాల్గింట మూడువంతులు ఊరలునకు పశ్చిమముననే, వల్దాయ్ మిట్టనుండి దిగిన నదుల పరిసరములలోను, వాని దక్షిణపు నల్లమట్టి నేలలలోను కాపురమున్నారు.