పోతుటీగకు తీర్పు తీర్చకమునుపు



తేనెటీగలను గూర్చి పిల్లలకు పాఠము చెప్పునప్పుడెల్ల మనము కూలి ఈగను పొగడుదుము, రాణి ఈగను గౌరవింతుము, పోతుటీగను మాత్రము సోమరికి గురుతుగా చూపుదుము. మేమును చాలకాలము అట్లే చెప్పితిమి. ఈ నెల పాఠములో ఆ పోతుటీగ, అనగా మగ తేనెటీగ, జీవితమును మొదటినుండి కడవరకు చూతము. పిమ్మట తీర్పు మీరే చెప్పవచ్చును.

ఇట్లు వ్రాయుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా పెరటిలోని తేనెపెట్టెలో పోతుటీగలు విపరీతముగా పెరిగినవి. తేనె దినదినము తరిగిపోవుచుండెను. "ఈ తిండిపోతులే పెట్టెను పాడుచేయుచున్నవి" అనుకొని, చేతికి చిక్కినవాటినెల్ల నలిపివేసితిమి. నెల తిరుగకమునుపే పెట్టె ఖాళీయైనది. మేము చేసిన పొరపాటేమో పాఠము చివర చెప్పెదము.

1. పుట్టుక

రాణి ఈగ రెండు విధములైన గ్రుడ్లు పెట్టును. మగ బీజము కలిసిన గ్రుడ్డునుండి ఆడ ఈగ పుట్టును. బీజము కలియని గ్రుడ్డునుండి పోతుటీగ పుట్టును. ఈ సంగతిని 1845లో సైలీషియా దేశపు గురువైన యోహాన్ జీర్జోన్ మొదట వెల్లడిచేసెను. కాబట్టి పోతుటీగకు తండ్రి లేడు. అయినను తాత కలడు. ఏలయనగా దాని తల్లియైన రాణికి తండ్రి యుండెను గదా! కూలి ఈగ శరీర కణములలో 32 క్రోమోసోములుండగా, పోతుటీగ తన తల్లినుండి పొందినవి 16 మాత్రమే.

2. ఎదుగుదల

గ్రుడ్డు మూడు దినములకు పగులును. అందులోనుండి వచ్చిన తెల్లని పురుగును కూలి ఈగలు సుమారు వారము దినములు మేపి, గదికి మైనపు మూత వేయును. ఐరోపా జాతి తేనెటీగలలో రాణి 16 దినములకును, కూలి ఈగ 21 దినములకును, పోతుటీగ 24 దినములకును గది విడిచి వచ్చును. అనగా అన్నిటికంటె ఆలస్యముగా వచ్చువాడు ఇతడే. చెట్టు తొర్రలలో పట్టుపెట్టు మన దేశపు ఈగలలో ఈ లెక్క కొంచెము అటునిటుగా నుండును. వీటి పోతుటీగ గదిని గుర్తించుట సులభము: మూత ఉబ్బెత్తుగా నుండి, నడుమ సూదిమొన దూరునంత రంధ్రముండును.

3. శరీరము

దానికి కొండి లేదు. కనుక గూటిని కాపాడలేదు. కాళ్లకు పుప్పొడి మోయు బుట్టలు లేవు. మైనము చేయు గ్రంథులు లేవు. పనిచేయక తినుచున్నదని మనమందుము గాని, ఆ పనులకు పనిముట్లే దానికి లేవు. అయితే దానికున్నవేవి? నడినెత్తిన ఒకదానినొకటి తాకునంత పెద్ద కన్నులు, వాసన పసిగట్టు మీసములు, బలమైన రెక్కలు. ఇవన్నియు ఒక్క పనికే యున్నవి.

4. ఆ ఒక్క పని

పుట్టిన తరువాత సుమారు పండ్రెండు దినములకు పోతుటీగ ఈడేరును. ఎండకాసిన మధ్యాహ్నములలో అది గూడు విడిచి, అనేక గూళ్ల పోతుటీగలు కూడుకొను ఒక చోటికి ఎగిరిపోవును. క్రొత్త రాణి అచ్చటికి వచ్చినప్పుడు ఆకాశమందే దానిని కలిసికొనును. రాణి గూటి బయటనే కలియునని జెనీవా పట్టణపు ఫ్రాన్స్వా హ్యూబర్ తన పరీక్షలవలన కనుగొని 1792లో ప్రచురించెను. ఆయన చూపులేనివాడు, బూర్నెన్స్ అను సేవకుని కన్నులతో చూచెను!

కలిసిన పోతుటీగ అప్పుడే చచ్చి నేలరాలును. రాణి పదికి పైగా పోతుటీగలను కలిసికొని, సుమారు 50 లక్షల బీజకణములను కడుపులో దాచుకొని, సంవత్సరములతరబడి వాటినే వాడుకొనును. మనము తిను తేనెను తెచ్చిన ప్రతి కూలి ఈగకును తండ్రి అట్లు రాలిపోయిన పోతుటీగయే.

ఇంతమంది తండ్రులెందుకు? రాణి దగ్గరి బంధువుతో కలిసినయెడల, బీజము కలిసిన గ్రుడ్లలో సగము వరకు చెడ్డ మగ పురుగులగును. అవి గ్రుడ్డు పగిలిన కొన్ని గంటలలోనే కూలి ఈగలు వాటిని తినివేయునని పోలండు దేశపు శాస్త్రజ్ఞుడు వోయ్కే 1963లో చూపెను. అప్పుడు పిల్లలపట్టు చిల్లులు చిల్లులుగా కనబడి, గూడు నీరసించును. ఒకే పట్టునుండి విడదీసిన పెట్టెలనే ఊరంతట ఉంచుకొనువారు ఈ మాట మరువరాదు.

5. వెళ్లగొట్టబడుట

రాణిని కలియని పోతుటీగ కొన్ని వారములు బ్రదుకును. పూలు తగ్గి కరవు వచ్చినప్పుడు, కూలి ఈగలు దానికి తిండి మాని, రెక్కలు పట్టి వాకిటి వెలుపలికి ఈడ్చును. తనంతట పూలలో మేత సంపాదించుకొనలేని ఆ ప్రాణి ఆకలికి చచ్చును. చలిదేశములలో ఇది శీతకాలమునకు ముందు జరుగును. ఇది పగ కాదు, గూటి పొదుపు. పూలకాలము రాగానే ఆ కూలి ఈగలే మరల పోతుటీగలను పెంచును.

6. మా పొరపాటు

ఇప్పుడు మా పెట్టె సంగతి. దానిలోని రాణి మాకు తెలియకయే చనిపోయెను. రాణియు పిల్లలును లేక కొన్ని వారములు గడచినయెడల కొన్ని కూలి ఈగలే గ్రుడ్లు పెట్టనారంభించును. వాటికి మగ బీజము లేదు. కనుక పుట్టునవన్నియు పోతుటీగలే. పాత కూలి ఈగలు ముసలివై చచ్చుచుండగా క్రొత్తవి పుట్టలేదు. తేనె తరుగుటకు మూలము అది. పోతుటీగలు రోగము కాదు, రోగమునకు గురుతు. మేము గురుతును చంపి రోగమును విడిచితిమి.

పెట్టె విప్పినప్పుడు ఒక్కొక్క గదిలో రెండు మూడు గ్రుడ్లు కనబడినను, కూలి ఈగల చిన్న గదులపై ఉబ్బిన మూతలు కనబడినను, రాణి లేదని అనుమానింపవలెను. మొదటి దినములలోనే కనిపెట్టినయెడల, వేరొక పెట్టెనుండి క్రొత్త గ్రుడ్లున్న పట్టు నొకటి తెచ్చి పెట్టుడి; ఈగలు దానినుండి రాణిని పెంచుకొనును. ఆలస్యమైనచో రాణియున్న పెట్టెలో కలుపుట మేలు.

ఇంటిలోనైనను, ఊరిలోనైనను కీడు కలిగినప్పుడు, ఎదుట కూర్చుండి తినుచున్నవానిమీదనే మన చూపు మొదట పడును. మా చూపును అట్లే పడెను. ఒక్కసారి పెట్టె విప్పి, రాణి యున్నదా లేదా అని చూచియుండిన బాగుండెడిది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పోతుటీగకు తండ్రి లేకున్నను తాత ఎట్లు కలడు?
2. పోతుటీగ ఏ పనులు చేయలేదు? ఎందుచేత?
3. పెట్టెలో పోతుటీగలు మితిమీరినప్పుడు మొదట ఏమి వెదకవలెను?
4. గురుతును చూచి మూలమును విడిచిన సందర్భము మన ఊరిలో ఏదైన జరిగినదా?