స్పంజిలోని సూక్ష్మజీవుల సంభాషణ

స్పంజి యనగానే స్నానమునకు వాడు మెత్తని ముక్క మనకు జ్ఞప్తికి వచ్చును. అంగడిలో నేడు దొరకునది చాలవరకు కృత్రిమము. నిజమైన స్పంజి సముద్రపుటడుగున నంటుకొని జీవించు జంతువు. దానికి నోరు లేదు, హృదయము లేదు, నరములు లేవు. దేహమంతయు రంధ్రములే. వానిగుండ నీటిని లోనికి పీల్చి, అందలి సూక్ష్మాహారమును వడగట్టుకొని, మిగిలిన నీటిని వెలికి విడుచును.

అయిన నీ జంతువు ఒంటరి గాదు. కొన్ని జాతులలో శరీరభారమున మూడవవంతువరకు బాక్టీరియాలే యుండును. చెవులును కన్నులును లేని యిన్ని జీవులు ఒక యింట నెట్లు కలిసి మెలగుచున్నవి?

ఇవి రసాయనములతో మాటలాడుకొనును. ప్రతి సూక్ష్మజీవియు ఒక చిన్న ద్రవ్యమును వెలికి విడుచుచుండును. జనసంఖ్య తక్కువైనప్పుడు అది నీట గలిసి పోవును. సంఖ్య పెరిగినకొలది అది చిక్కనై, ఒక మేరకు చేరగనే, అన్నిటియందును కొన్ని జన్యువులు ఒక్కసారిగా పని కారంభించును. కోరము లేనిదే సభ సాగదు గదా! అందుచేతనే శాస్త్రజ్ఞులు 1994లో దీనికి కోరమ్ సెన్సింగ్ అను పేరిడిరి. కాంతి నిచ్చు సముద్రపు బాక్టీరియాలయం దీ మర్మమును 1970లోనే నీల్సన్, ప్లాట్, హేస్టింగ్సు అనువారు వెల్లడించి యుండిరి.

ఫ్లోరిడా తీరమున కీ లార్గో యొద్ద దొరకిన మైకేల్ లాక్సిస్సిమా అను స్పంజినుండి కే.ఎల్.హెచ్. 11 అను బాక్టీరియాను వేరుచేసి పరీక్షించిరి. సంకేతద్రవ్యమును చేయలేకుండ మార్చినప్పుడు, అవి యీదుట మానినవి. ఒకదాని నొకటి యంటుకొని దట్టమైన పొర గట్టినవి. ఆ ద్రవ్యమును బయటనుండి చేర్చగా మరల నీదినవి. ఇల్లు నిండినప్పుడు కొన్ని వలసపోవుట కిది యేర్పాటని పండితుల యూహ.

ఇందువలన మనకేమి లాభమని యడుగవచ్చును. మందులకు లొంగని రోగక్రిములు నేడు వైద్యులను కలవరపెట్టుచున్నవి. వానిలో ననేకము లిట్లే సంకేతము లంపుకొని, తగిన బలము చేరినపిమ్మటనే విషమును విడుచును. వానిని చంపుటకు మారుగా వాని సంభాషణను మాన్పరాదా యని పరిశోధకులు యత్నించుచున్నారు. ఆస్ట్రేలియా తీరమందలి డెలీసియా పుల్క్రా యను ఎఱ్ఱనాచు ఇట్టి సంకేతములను అడ్డగించి, తన దేహముపై బాక్టీరియాలు పేరుకొనకుండ కాపాడుకొనుచున్నది.

అయిన నొక హెచ్చరిక కలదు. పైని చెప్పిన స్పంజి బాక్టీరియాలు మాట పోగొట్టుకొని చెదరిపోలేదు. మఱింత గట్టిగా నంటుకొన్నవి. కావున ఎవరి నోరైనను మూయుటకు ముందు వారేమి చెప్పుకొనుచున్నారో తెలిసికొనుట మేలు. శాస్త్రమున కిదియే మొదటి పాఠమని మేము తలంచుచున్నాము.