చేతులు కూడ ఆరాధింపవలెను

పాఠ్యభాగము: నిర్గమకాండము 35:20–35, 36:1–7



ఆదివారమున మనము గుడిలో కూడుకొనునప్పుడు చెవులు వినుచున్నవి, నోరు పాడుచున్నది. చేతులు మాత్రము కానుకల సంచి వచ్చువరకు ఊరకయున్నవి. ఆరు దినములు కలుపు తీసి, గంప అల్లి, కుండ చేసి, చెప్పు కుట్టి మనలను పోషించిన చేతులకు దేవుని సన్నిధిలో పని లేదా? ఈ నెల ఈ సంగతిని ధ్యానించుదము.

1. ఆత్మ నింపిన చేతులు

ప్రత్యక్షగుడారము కట్టుటకు దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపెను (31:2, 3). ఆ ఆత్మ అతనికి చెక్కుటకును, పొదుగుటకును, నేయుటకును నేర్పునిచ్చెను. అహోలీయాబు అతనికి తోడాయెను. స్త్రీలు మేకవెండ్రుకలు వడికిరి. తుదకు తెచ్చినది చాలునని మోషే ప్రజలను ఆపవలసివచ్చెను. వడికిన స్త్రీ, ప్రార్థించిన యాజకుడు ఇద్దరును దేవుని సేవ చేసినవారే.

2. తక్కువ పని ఏది?

తోలుపని చేయువారిని మన దేశము దూరముగా ఉంచెను. అయితే దేవుని గుడారముపై కప్పినది ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లే (36:19). యొప్పేలో పేతురు అనేక దినములు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంటనే (అపొ. కా. 9:43). పౌలు డేరాలు కుట్టెను. మన ప్రభువు వడ్లపని చేసెను. కావున మన చేతిపనిని గూర్చి మనము సిగ్గుపడకూడదు.

మన ప్రాంతమందలి మెదకు కతీడ్రల్‌ను చూడుడి. కరవుచేత ఆకలిగొన్న ప్రజలకు కూలి దొరకవలెనని పాస్నెట్ దొరగారు ఆ పని చేయించిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. పేదల చేతులు కట్టిన ఆరాధనమందిరమది.

3. మా సంఘములో జరిగినది

క్రిందటి మట్టలాదివారమునకు మేము పట్టణమునుండి కాగితపు పూలు కొనవలెనని తలంచితిమి. ఈతచాపలు అల్లి బ్రదుకు ఒక అవ్వ, “అయ్యగారూ, ఊరి చుట్టూ ఈతచెట్లుంటే కాయితాలు కొనడమెందుకు?” అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. అది మా తప్పు. చదువురాని ఆమె వెనుక మౌనముగా కూర్చుండుట అనేక ఆదివారములు చూచితిమిగాని, ఆమెను ఏమియు అడుగలేదు.

ఆ రాత్రి మనస్సాక్షి మమ్మును గద్దించెను. మరునాడు ఆమె యింటికి పోయి, క్షమింపుమని అడిగితిమి. శనివారము ఆమె పిల్లలకు ఈతాకు సిలువలు అల్ల నేర్పెను. మాటవినబడని ఒక బాలుడు అందరికంటె ముందుగా నేర్చుకొనెను. ఆదివారమున యోహాను 12:12–19 చదివిన పిమ్మట, ప్రతి కుటుంబము తాము అల్లినదానిని పట్టుకొని వీధిలో నడిచెను. ముందు అవ్వ నడిచెను. గుడి విడిచిన తరువాత ఆమె మాతో, “ఇన్నేళ్లు కూచోని విన్నానయ్యగారూ. నా చేతుల్తో ప్రభువుకు చేసింది ఇదే మొదలు” అనెను.

4. జాగ్రత్త వహింపుడి

“ఇవి బడిపిల్లల ఆటలు” అని ఒక పెద్ద అభ్యంతరము చెప్పెను. ఆయన భయము వ్యర్థమైనది కాదు. బంగారు దూడయు చేతిపనియే (32:4). భేదమేమనగా, గుడారమునకు ముందు దేవుని మాట వచ్చెను. దూడకు ముందు ప్రజల తొందర వచ్చెను. కావున ముందు వాక్యము, తరువాత చేయి. చేసిన వస్తువునకు మ్రొక్కరాదు, ఎవరిది బాగున్నదని పోటీ పెట్టరాదు, డబ్బు ఖర్చుచేయరాదు.

5. చేయు విధము

యిర్మీయా 18:1–6 చదివి, తలా ఒక ముద్ద మట్టి ఇచ్చి, ఒక పాత్ర చేయనియ్యుడి. అది చెడినయెడల మరల చేయనియ్యుడి. కోతపండుగకు లేవీయకాండము 23:10 చదివి, వరికంకుల కుచ్చులు కట్టుడి. పావుగంట చాలును. పెద్దలు పిల్లలకు నేర్పవలెను. పిమ్మట ఒకరిద్దరు తాము గ్రహించినది ఒక్క మాటలో చెప్పవలెను. తరువాత ప్రార్థింపుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో ఎవరి చేతిపనిని మనము ఇంతవరకు గుర్తింపలేదు?
2. దూడకును గుడారమునకును భేదమేమి?

ప్రార్థన: ప్రభువా, మేకులు కొట్టబడిన నీ చేతులను బట్టి మా చేతులను అంగీకరించుము. మేము చిన్నచూపు చూచిన వారియెదుట మమ్మును తగ్గించుము. ఆమేన్.