ఐగుప్తు పొలిమేరలో చెప్పిన మాట

(కుటుంబముతో పరదేశమునకు వెళ్ళగోరువారి నిమిత్తము ఒక పాఠము)

పఠనభాగములు: ఆదికాండము 12:10–20, 20:1–13, 26:6–11



ఈ నెల పాఠమునకు ఆదికాండము 12వ అధ్యాయములోని కడపటి భాగమును తీసికొంటిమి. అబ్రాము తన దేశమును, బంధువులను విడిచి బయలుదేరిన సంగతిని మన సండేస్కూలు పిల్లలు సహితము అప్పగించగలరు. అయితే ఆ వెనుకనే వచ్చిన కరవును, ఐగుప్తు ప్రయాణమును మనము తొందరగా దాటిపోవుదుము. పండుగ ప్రసంగములకు అది పనికిరాదు. మేమును ఇరువది సంవత్సరముల సేవలో ఈ భాగమును ఎత్తి బోధించినది ఒకటి రెండు మారులే. ఇప్పుడు దానిని చదువవలసిన అగత్యము కలిగినది. ఏలయనగా మన సంఘములలో ఏ గుమ్మము తొక్కినను కెనడా మాటయే వినబడుచున్నది.

మునుపు పెండ్లికాని పిల్లవాడొకడు చదువునకు వెళ్ళెడివాడు. ఇప్పుడు భార్య, భర్త, బిడ్డలు అందరును ఒక్కసారి లేచిపోవలెనని చూచుచున్నారు. ఒకరు స్టడీ పర్మిట్ మీద కాలేజీలో చేరవలెను, రెండవవారు పని చేయవలెను, పిల్లలు అక్కడి బడికి వెళ్ళవలెను, చదువు ముగిసిన తరువాత ఉద్యోగము, ఆ తరువాత జనులు పి.ఆర్. అని పిలుచు శాశ్వత నివాస హక్కు. మెట్లు ఎక్కినట్లు ఎక్కవచ్చునని పట్టణములోని ఏజెంటు కాగితము మీద గీసి చూపించును. ఆ మెట్లలో కొన్ని ఇప్పుడు లేవు. ఆ సంగతిని ముందుకు చెప్పెదము.

మొదట అబ్రాము సంగతి. కొందరు బోధకులు ఆయన ఐగుప్తునకు వెళ్ళుటయే అవిశ్వాసమని చెప్పుదురు. మాకు ఆ మాట రుచించదు. ఎండిన చెరువును, ఖాళీ గాదెను చూచినవాడెవడును అంత సులువుగా అట్లు చెప్పడు. కరవు భారముగా నుండెను గనుక ఆయన వెళ్ళెను. వాక్యము ఆ ప్రయాణమును తప్పు పట్టలేదు. చిక్కు వచ్చినది పొలిమేర దగ్గర. అక్కడ ఆయన భయపడెను. తన భార్యతో, నీవు నా సహోదరివని చెప్పుమనెను.

ఇది పూర్తి అబద్ధము కాదు. 20వ అధ్యాయములో ఆయనయే విప్పి చెప్పుకొనెను: ఆమె తన తండ్రి కుమార్తె, తల్లి కుమార్తె కాదు. అనగా సగము నిజము. పొలిమేరలో పనికివచ్చు సగమును బయట పెట్టి, అక్కరలేని సగమును మూటలో దాచెను. మరియొక సంగతి గమనించుడి. ఆ మాట ఫలించినది! ఫరో ఆయనకు గొఱ్ఱెలను, ఎడ్లను, గాడిదలను, ఒంటెలను, దాసదాసీలను ఇచ్చెను. అబద్ధము చెప్పిన మరుసటి దినమే పిడుగు పడినయెడల ఎవడును అబద్ధమాడడు. ముందు గొఱ్ఱెలు వచ్చును, తెగుళ్ళు తరువాత వచ్చును. కడపట ఫరోయే పిలిచి, ఎందుకు ఇట్లు చేసితివని అడిగి, మనుష్యులను తోడిచ్చి వెలుపలికి పంపివేసెను. ఆ ప్రశ్నకు అబ్రాము చెప్పిన జవాబు వాక్యములో వ్రాయబడలేదు.

ఈ పాఠమును చెప్పు ఉపదేశులు ఇక్కడ కొంచెము ఆగి, 26వ అధ్యాయమును కూడ చదివింపవలెను. ఆయన కుమారుడైన ఇస్సాకు గెరారులో అదే మాట చెప్పెను. ఇస్సాకునకు సగము నిజము కూడ లేదు. రిబ్కా అతనికి ఏ విధముగాను సహోదరి కాదు.

ఇప్పుడు మా సంఘములోని ఒక కుటుంబము మాట. భర్తకు 37 సంవత్సరములు, బి.కాం. చదివి జిరాక్సు దుకాణము నడుపుచున్నాడు. భార్యకు 33, బి.ఎస్సీ. నర్సింగు చదివి పట్టణములోని ఆసుపత్రిలో తొమ్మిది సంవత్సరములుగా పని చేయుచున్నది. ఇద్దరు బిడ్డలు. భర్త తల్లి పేరున ఎకరమున్నర మాగాణి. ఏజెంటు వీరికి చెప్పిన త్రోవ ఇది: భర్త ఒక కాలేజీలో రెండేండ్ల వ్యాపార నిర్వహణ డిప్లొమా చదువవలెను, భార్య స్పౌజు వర్కు పర్మిట్ మీద పని చేసి ఇల్లు నడుపవలెను. భూమి అమ్ముటకు బేరము కూడ కుదిరినది. అప్పుడు ఆమె మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి. సంతకం పెట్టేస్తే మళ్ళీ ఆ పొలం రాదు" అన్నది. "ప్రార్థన చేద్దామమ్మా, ముందు ఆ కాగితాలు పట్టుకుని రండి" అని చెప్పితిమి.

మేము వేదాంత పాఠశాలలో హెబ్రీ అక్షరములు నేర్చుకొన్నాము గాని ఇమ్మిగ్రేషను చట్టము నేర్చుకొనలేదు. అయినను మా హైస్కూలు మాస్టరుగారి అమ్మాయి ఫోనులో కెనడా ప్రభుత్వమువారి పుటలను తీసి చదువుచుండగా, మేమందరము రెండు రాత్రులు కూర్చుండి లెక్క వేసితిమి.

మొదటి లెక్క డబ్బు. 2023 వరకు ఒక విద్యార్థి జీవనమునకు 10,000 డాలర్లు చూపిన చాలును. 2024 జనవరి 1 నుండి అది 20,635 అయినది. 2025 సెప్టెంబరు 1 నుండి 22,895. నలుగురున్న కుటుంబమునకైతే 42,543 కెనడా డాలర్లు. కాలేజీ మొదటి సంవత్సరపు ఫీజు, ప్రయాణపు ఖర్చు దీనికి వేరు. జీవనపు సొమ్మే మన రూపాయలలో ఇరువదియైదు లక్షలకు మించును. ఎకరమున్నర అమ్మినను అందులో సగము రాదు. "మిగతాది మేం అకౌంట్లో వేసి చూపిస్తాం, వడ్డీ ఇవ్వండి చాలు" అని ఏజెంటు చెప్పెనట! నాలుగు నెలల బ్యాంకు లెక్కను అడుగు అధికారికి, నిన్న వచ్చి కూర్చున్న సొమ్ము కనబడదా?

రెండవది భార్య పని. ఇక్కడనే మెట్టు విరిగినది. 2025 జనవరి 21 నుండి, పదునారు నెలలు గాని అంతకు మించి గాని సాగు మాస్టర్సు చదువువారి, డాక్టరేటు చదువువారి, మరికొన్ని నిర్ణీతమైన వృత్తి విద్యలు చదువువారి భార్యకో భర్తకో మాత్రమే ఆ పర్మిట్ ఇచ్చుచున్నారు. డిప్లొమా చదువువాని భార్యకు లేదు. అనగా ఆ నర్సమ్మ అక్కడ చేతులు కట్టుకొని కూర్చుండవలెను. భర్త చదువు జరుగుచుండగా కాలేజీ వెలుపల వారమునకు 24 గంటలు మాత్రము పని చేసి నలుగురిని పోషింపవలెను. ఆ మాట వినగానే ఆమె ముఖము చూడవలసినది. ఏజెంటు పాత కాగితమును చూపుచున్నాడని అప్పుడు తెలిసినది.

మూడవది చదువు తరువాతి వర్కు పర్మిట్. 2024 నవంబరు 1 నుండి స్టడీ పర్మిట్ కోరువారు కాలేజీ డిప్లొమా చదివినయెడల, ఆ చదువు ప్రభుత్వము వేసిన పట్టికలోని రంగములకు చెందినదై యుండవలెను. భాషా పరీక్ష ఫలితమును కూడ చూపవలెను. ఏజెంటు వ్రాసి యిచ్చిన కోర్సును ఆ పట్టికలో వెదకితిమి. కానరాలేదు. ఆ పర్మిట్ లేనియెడల ఉద్యోగానుభవము లేదు. చదువుచు చేసిన పని, పి.ఆర్. కొరకు అడుగు కెనడా అనుభవములో లెక్కకు రాదు.

నాలుగవది వయస్సు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను పద్ధతిలో ప్రతివానికి మార్కులు వేసి, ఎక్కువ వచ్చిన వారిని పిలుచుదురు. భార్యతోనో భర్తతోనో కలిసి వచ్చువానికి 29 సంవత్సరముల వరకు వయస్సునకు నూరు మార్కులు. 37వ యేట 60, 40వ యేట 45, 45వ యేట సున్న. రెండేండ్లు చదివి, ఒక యేడు పని చేసి దరఖాస్తు పెట్టునాటికి మన సహోదరునికి 40 వచ్చును. ఇంతలో వాకిలి కూడ ఇరుకగుచున్నది: 2024కు 4,85,000 మందికి శాశ్వత నివాసము ఇయ్యదలచిన ఆ దేశము, 2026కు ఆ సంఖ్యను 3,80,000కు తగ్గించినది.

అమ్మాయి ఆ మార్కుల పట్టిక చదువుచుండగా, మూలకు కూర్చున్న అతని తల్లి, "మరి కోడలి వయసుకు ఎన్నిస్తారమ్మా?" అని అడిగినది. 33కు 80 మార్కులు. మేము నలుగురము ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి. చదువు పేరు పెట్టుకొని భర్తను ముందు నిలిపి, తొమ్మిది సంవత్సరముల అనుభవము గల నర్సును వెనుక కూర్చుండబెట్టుచుంటిమి. 2023 నుండి కెనడావారు ఆరోగ్యరంగములోని వారిని ప్రత్యేకముగా పిలుచుచున్నారు. ఆమె ఆంగ్ల పరీక్షలో తగిన మార్కులు తెచ్చుకొని, తన డిగ్రీకి విలువ కట్టించుకొని, ఇక్కడనుండియే పి.ఆర్. కొరకు పేరు నమోదు చేసికొనవచ్చును. దానికిని చేతిలో కొంత సొమ్ము చూపవలెను, పిలుపు వచ్చునన్న నమ్మకమును లేదు. అక్కడ నర్సుగా పని చేయుటకు వేరుగా లైసెన్సు, ఎన్‌క్లెక్స్ అను పరీక్ష ఉన్నవి. అయితే ఇందుకు ముందుగా పొలము అమ్మనక్కరలేదు.

పెద్దమ్మ మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. ఏ త్రోవలోనైనను కుటుంబమనగా భార్య లేక భర్త, 22 సంవత్సరములు నిండని పెండ్లికాని బిడ్డలు. తల్లిదండ్రులు ఆ లెక్కలో లేరు. ఆమె ఎక్కడ ఉండవలెను, ఎవరు చూడవలెనని అంతవరకు ఆ యింట ఎవరును అడుగలేదు. పొలము ఆమెదే.

ఏజెంటుల గురించి రెండు మాటలు. కెనడా ఇమ్మిగ్రేషను విషయములలో డబ్బు తీసికొని సలహా చెప్పుటకు ఆ దేశపు న్యాయవాదులకు, లైసెన్సు గల కన్సల్టెంటులకు, ఇంక కొద్దిమందికే హక్కు కలదు. కన్సల్టెంటుల పేర్ల పట్టిక అందరికిని తెరచియే యున్నది. మన పట్టణపు ఏజెంటు పేరును అందులో వెదకితిమి, లేదు. 2023లో నకిలీ ప్రవేశపత్రములతో కెనడాకు చేర్చబడిన అనేకమంది భారతీయ విద్యార్థుల సంగతి బయటపడినది. వారిలో కొందరు ఏజెంటు చేతిలో మోసపోయినవారు. తమ కాగితము నకిలీదని సంవత్సరముల తరువాత పి.ఆర్. కోరినప్పుడు తెలిసికొనినవారు ఉన్నారు. ఆ సంవత్సరము డిసెంబరు 1 నుండి ప్రతి ప్రవేశపత్రమును కాలేజీయే ప్రభుత్వమునకు ధృవపరచవలెనని నియమము వచ్చినది.

తప్పుడు సమాచారము ఇచ్చినట్లు తేలినవారిని ఆ దేశము అయిదు సంవత్సరములు రానియ్యదు. విచిత్రమేమనగా, మనవారు ఎక్కువగా దాచు సంగతి దాచనక్కరలేనిది. "అక్కడ ఉండిపోవాలని ఉందని చెప్పకండి, రిజెక్టు చేస్తారు" అని నేర్పుదురు. కెనడా చట్టములోనే, శాశ్వతముగా ఉండగోరుట తాత్కాలిక ప్రవేశమునకు అడ్డు కాదని వ్రాసియున్నది; గడువు తీరునాటికి అనుమతి లేనియెడల తిరిగి వెళ్ళుదునని అధికారికి నమ్మకము కలిగింపవలెను, అంతే. అబ్రాము కూడ, వీరు నన్ను చంపుదురని తనలో తాను ఊహించుకొని భయపడెను గాని, ఐగుప్తువారిని అడిగి చూడలేదు.

ఇంతవరకు ఇతరుల సంగతి వ్రాసితిమి. ఇక మా సంగతి. 2023లో మా సంఘములోని ఒక యౌవనస్థుడు స్టడీ పర్మిట్ కొరకు దరఖాస్తు పెట్టుచు, చదువు ముగిసినప్పటినుండి రెండేండ్లు ఖాళీగా నున్నట్లు కనబడరాదని, మా చర్చి రాత్రిబడిలో జీతము మీద ఉపాధ్యాయుడుగా పని చేసినట్లు ఉత్తరము కావలెనని అడిగెను. అతడు ఆ బడిలో చెప్పినది నిజమే. వేసవిలో రెండు నెలలు, జీతము లేకుండ. మేము రెండు సంవత్సరములని వ్రాసి, సంఘపు ముద్ర వేసి, సంతకము చేసితిమి. అతని తల్లి విధవరాలు, ఏడ్చుచుండెను. జాలి అనుకొంటిమి. దరఖాస్తు వేరొక కారణముచేత, సొమ్ము చాలదని, తిరస్కరింపబడెను. పోనీ, తీరిపోయినదని మేము మరచితిమి.

అది తీరిపోలేదు. ఈ సంవత్సరము అతడు మరల దరఖాస్తు పెట్టదలచి వచ్చెను. ఒకసారి ఇచ్చిన కాగితము ఆ ప్రభుత్వమువారి దగ్గర అట్లే యుండును. ఇప్పుడు ఆ రెండేండ్లను మరల వ్రాసినయెడల అబద్ధము రెండింతలగును. వ్రాయనియెడల పాతదానికి, క్రొత్తదానికి పొంతన కుదరదు. ఇస్సాకు తన తండ్రి మాటను ఎత్తుకొన్నట్లు, మేము నేర్పిన మాటను ఈ పిల్లవాడు మోయుచున్నాడు. అతనితో చెప్పితిమి: "బాబూ, తప్పు మాది. మొదటి ఉత్తరం నిజం కాదని, నీవు పనిచేసింది రెండు నెలలేనని సంతకంతో రాసి ఇస్తాము. అది పెట్టే ముందు లైసెన్సు ఉన్నవారిని అడుగు, దానివల్ల నీకు నష్టం రావచ్చు." అతడు చాలసేపు నేల చూచి, "అప్పుడే పెట్టనని చెప్పివుంటే బాగుండేది గదండీ అయ్యగారూ" అని లేచి వెళ్ళెను.

ఆ నర్సమ్మ ఇప్పుడు ఆసుపత్రి డ్యూటీ దిగిన తరువాత రాత్రి పదింటివరకు ఆంగ్ల పరీక్షకు చదువుకొనుచున్నది. పొలము బేరము మానుకొన్నారు. ఏజెంటునకు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. పెద్దమ్మ మనుమలను చూచుకొనుచున్నది. పిలుపు వచ్చునో రాదో వారికిని తెలియదు, మాకును తెలియదు.

మేము వ్రాసిన రెండవ ఉత్తరము మాత్రము మా బల్ల సొరుగులో నున్నది. ఆ యౌవనస్థుడు మూడు ఆదివారములుగా ఆరాధనకు రాలేదు. వచ్చే వారము మేమే అతని యింటికి వెళ్ళవలెనని యున్నాము.