ఒక పేటవాళ్లు కట్టుకున్న ఈత కొలను - దాతలకు ఒక పాఠం

వేసవి సెలవులు ఇచ్చే రోజు ఉపాధ్యాయులం పిల్లలకు ఒక మాట తప్పకుండా చెబుతాం: "చెరువుల దగ్గరికి, క్వారీ గుంతల దగ్గరికి వెళ్లకండి." పిల్లలు తలలూపుతారు. మళ్లీ బడి తెరిచేలోపు ఎక్కడో ఒకచోట పిల్లలు నీట మునిగిన వార్త పత్రికల్లో వస్తూనే ఉంటుంది. మన దేశంలో ఇలా ప్రాణాలు కోల్పోయేవారు ఏటా 30 వేలకు పైనే ఉన్నారు. వెళ్లవద్దని చెప్పడం మా చేతిలో పని. ఈత నేర్పడం మాత్రం బడి ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, దానికి పేట అంతా పూనుకోవాలి. అలా పూనుకున్న ఒక పేట చరిత్రను ఈ సంచికలో మీ ముందు ఉంచుతున్నాం. అది అమెరికాలో జరిగింది. అయినా చందా ఇచ్చే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగిన సంగతి అందులో ఉంది.

మూసిన గేటు

గత శతాబ్దం మొదటి సగంలో అమెరికా నగరాలు ప్రజల కోసం పెద్ద పెద్ద ఈత కొలనులు కట్టాయి. వాటిలో చాలా చోట్ల నల్లజాతివారికి ప్రవేశం లేదు. సెయింట్ లూయిస్ నగరంలోని ఫెయిర్‌గ్రౌండ్ పార్కు కొలనులోకి 1949 జూన్ 21న మొదటిసారి నల్లజాతి పిల్లలను రానిచ్చారు. ఆ రోజే తెల్లవారి గుంపులు వాళ్లపై దాడికి దిగాయి. నగర పాలకులు వెంటనే పాత పద్ధతికి మళ్లారు. మరుసటి సంవత్సరం కోర్టు ఉత్తర్వుతో గేటు మళ్లీ తెరుచుకుంది గానీ, తెల్లవారు రావడం బాగా తగ్గిపోయింది. చివరికి 1956లో నగరం ఆ కొలనునే మూసేసింది.

ఆ కాలంలోనే నగర శివార్లలో మరో పద్ధతి పెరిగింది. పేటలోని కుటుంబాలు సభ్యత్వ రుసుము వేసుకుని సొంతంగా ఈత క్లబ్బులు పెట్టుకున్నాయి. పేటవాళ్లు కలిసి ఒక మంచి పని చేసుకోవడం మెచ్చుకోవలసిందే. అయితే ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది కూడా వాళ్లే కాబట్టి, చాలా క్లబ్బుల గేటు కొందరికి మూసే ఉండేది.

నైల్ స్విమ్ క్లబ్

ఫిలడెల్ఫియా నగరాన్ని ఆనుకుని యేడన్ అనే చిన్న పట్టణం ఉంది. 1950ల చివర్లో అక్కడ ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు స్థానిక ఈత క్లబ్బులో సభ్యత్వం అడిగాయి. క్లబ్బు నిరాకరించింది. ఆ కుటుంబాలు తమలో తాము డబ్బు పోగుచేసుకున్నాయి, స్థలం కొన్నాయి, కొలను కట్టించాయి. 1959 జూలైలో నైల్ స్విమ్ క్లబ్ తెరుచుకుంది. ఆఫ్రికాలోని మహానది పేరే దానికి పెట్టుకున్నారు. అమెరికాలో నల్లజాతివారి యాజమాన్యంలో ఏర్పడిన మొదటి ప్రైవేటు ఈత క్లబ్బుగా అది పేరు పొందింది.

వినోదం కోసం ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడగవచ్చు. ఒక లెక్క చూడండి. 1999 నుంచి 2010 వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సేకరించిన వివరాల ప్రకారం, 5 నుంచి 19 ఏళ్ల వయసులో ఈత కొలనుల్లో మునిగి చనిపోయిన వారి రేటు తెల్లవారికన్నా నల్లజాతివారిలో 5.5 రెట్లు ఎక్కువ. గేటు దగ్గర ఆగిపోయిన తల్లిదండ్రులకు ఈత రాలేదు. ఈత రానివారు భయంతో పిల్లలనూ నీటికి దూరంగా ఉంచారు. ఆ పిల్లలు పెద్దవారై తమ బిడ్డలకూ నేర్పలేకపోయారు. చట్టం మారినంత మాత్రాన ఈత వచ్చేయదు కదా. యేడన్ కుటుంబాలు కట్టింది కొలనే అయినా, అందులో తమ పిల్లల ప్రాణరక్షణ కూడా ఉంది.

కట్టిన తరువాత మొదలయ్యే ఖర్చు

ఇక దాతలు ముఖ్యంగా గమనించవలసిన విషయం. కొలను తవ్వడం ఒక్కసారి పని. దాన్ని నడపడం ఏటేటా పని. నీటిని మోటారుతో తిప్పి వడగడుతూ ఉండాలి, క్లోరిన్ మోతాదు చూడాలి, పగుళ్లు బాగుచేయించాలి, కాపలా ఉండే ఈతగాళ్లకు జీతాలివ్వాలి, పన్ను కట్టాలి. ఆ ప్రాంతంలో చలి వల్ల కొలను తెరిచి ఉండేది వేసవి మూడు నెలలే. పన్ను మాత్రం ఏడాది మొత్తానికీ కట్టవలసిందే.

కాలక్రమంలో స్థాపకుల తరం వృద్ధాప్యంలోకి వచ్చింది, మిగతా క్లబ్బుల గేట్లూ తెరుచుకున్నాయి, నైల్ క్లబ్బులో సభ్యులు తగ్గారు. పన్ను బకాయిలు పేరుకుపోయి, అంత కష్టపడి కట్టుకున్న ఆస్తి చేజారే ప్రమాదం వచ్చింది. అయితే తరువాతి తరం వారు బాధ్యత తీసుకుని క్లబ్బును నిలబెట్టారు. తమ ఊరిలో ఏ బిడ్డా నీట మునగకూడదన్న సంకల్పంతో పట్టణంలోని పిల్లలకు ఉచితంగా ఈత నేర్పే కార్యక్రమమూ మొదలుపెట్టారు.

మనం గ్రహించవలసినవి

ఒకటి: ఈత నేర్పడానికి పాలరాతి కొలనే ఉండాలని లేదు. బంగ్లాదేశ్‌లో ఊరి చెరువులోనే వెదురుతో వేదిక, చుట్టూ కంచె కట్టి, శిక్షణ పొందిన వారి చేత పిల్లలకు ఈత నేర్పుతున్నారు. బడి వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. 2021లో ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీట మునిగే ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది.

రెండు: ఏ పని మొదలుపెట్టినా గేటు ఎవరికి తెరిచి ఉంటుందో ముందే తేల్చుకోవాలి. ఆడపిల్లలకు వేరుగా సమయం, నేర్పడానికి మహిళా శిక్షకులు ఉంటేనే చాలా ఇళ్లవారు పంపుతారు. రుసుము కట్టలేని పిల్లవాడు గేటు బయటే నిలబడిపోతే మనం కట్టింది సగమే.

మూడు: శిలాఫలకం మీద పేరు ఉండే గదికి దాతలు త్వరగా దొరుకుతారు. కరెంటు బిల్లుకు, ఆయా జీతానికి, పైకప్పు మరమ్మతుకు దొరకరు. బడి అయినా, వసతి గృహమైనా, కొలను అయినా పదేళ్ల తరువాత నిలిచి ఉండేది ఆ చిన్న చందాల మీదే. ఈ ఏడాది మీరు ఏదైనా పనికి చందా రాసేటప్పుడు, వచ్చే ఏడాది దాని నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో కార్యవర్గాన్ని అడగండి. జవాబు లేకపోతే మీ చందాలో కొంత భాగం అందుకే కేటాయించమని రాసివ్వండి.